పామిడికి పోయి అడగండి

రామలక్ష్మమ్మ పొట్టేలు కొనే పద్ధతి ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ తెలుసు. సంతలో అమ్మేవాడు పొట్టేలును ఎంత కడిగి, కొమ్ములకు ఎంత రంగు పూసి నిలబెట్టినా ఆమె దానివంక కన్నెత్తి చూడదు. పోయినేడు నీ దగ్గర ఎవరు కొన్నారని మాత్రం అడుగుతుంది. ఆ ఊరికి పోయి, కొన్నవాళ్ళ దొడ్లో నిలబడి, అప్పటి పొట్టేలు ఇప్పుడెట్లా ఉందో చూసుకుని వచ్చి అప్పుడు బేరం మొదలుపెడుతుంది. ఈలోగా మంచి పొట్టేలును ఇంకెవడో తోలుకుపోయిన సందర్భాలు లేకపోలేదు. భర్త బయ్యన్న దీనికి ఆమెను పెళ్ళయిన కొత్తలోనే ఎగతాళి చేయడం మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఆపలేదు. ఆమె కూడా వినడం మొదలుపెట్టలేదు.

అలాంటి మనిషి మిద్దె మీద సోలార్ ప్లేట్లు వేయించుకోవాలనుకుంటే ఎంత కథ నడవాలో అంత నడిచింది.

పోయిన ఎండాకాలం ఫ్యాను, కూలరు, ఫ్రిజ్జు మూడూ కలిసి వాళ్ళ కరెంటు బిల్లును ఎక్కడికో తీసుకుపోయాయి. వాన అలిగితే అలిగింది గానీ, ఎండ మాత్రం ఆ సీమ మీద ఏనాడూ ముఖం చాటేయలేదు. అంత ఎండ ఊరికే మిద్దె మీద పడి పోతుంటే, సర్కారు సబ్సిడీ కూడా ఇస్తానంటుంటే, వేయించుకుంటే తప్పేమిటని బయ్యన్న అన్నాడు. తప్పేమీ లేదు. ఎవరి చేత వేయించాలన్నదే చిక్కు.

ఎందుకంటే ప్రవీణ్ ఉన్నాడు.

ప్రవీణ్ రామలక్ష్మమ్మ అక్క కొడుకు. వాడు బడికి పోయే వయసులో అక్క పోయింది. అప్పట్నుంచి డిప్లొమా అయ్యేదాకా ఈ ఇంట్లోనే పెరిగాడు. తర్వాత ఒక పెద్ద సోలార్ ప్లాంటులో కొన్నాళ్ళు పనిచేసి, ఒకరి కింద ఎంతకాలమని చెప్పి, రాప్తాడులో హైవే పక్కన సొంతంగా షాపు తెరిచాడు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. ఈ ఊళ్ళో మొదటి మిద్దె చిన్నమ్మదే కావాలి, చిన్నమ్మ వేయించుకుంటే ఊరంతా వెనకాలే వస్తుంది. అందులో అబద్ధం లేదు. రామలక్ష్మమ్మ కొన్న పొట్టేలు మందలోదే మాకూ కావాలని అడిగే ఊరది. ఆమె ఆ పని ఇంకొకరికి ఇస్తే మాత్రం సొంత చిన్నమ్మే నమ్మలేదంటారు, ఆ మాట రాప్తాడు చేరేలోపల వాడి షాపుకు తాళం పడుతుంది.

ఇంకోవైపు అనంతపురం కంపెనీ ఏజెంటు శశికుమార్. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, చేతిలో రంగురంగుల కాగితాలు. ప్లేట్లకు ఇరవై ఐదేళ్ళ గ్యారంటీ అన్నాడు. ఇరవై ఐదేళ్ళ తర్వాత నేనుంటానో లేదో గానీ, వచ్చే నెల చెడిపోతే ఎవరొస్తారప్పా అని రామలక్ష్మమ్మ అడిగింది. అతను సంతోషంగా ఒక నంబరు చూపించాడు. ఆమె అక్కడికక్కడే ఆ నంబరుకు ఫోను కలిపి స్పీకరు పెట్టింది. రికార్డు చేసిన గొంతు హిందీకి ఒకటి నొక్కమంది, ఇంగ్లీషుకు రెండు నొక్కమంది. తెలుగుకు మూడు నొక్కితే వీణ వాయించడం మొదలుపెట్టింది. శశికుమార్ కాఫీ తాగాడు, గ్లాసు కడిగి బోర్లించారు, బయ్యన్న గొర్రెలకు మేత వేసి వచ్చాడు, వీణ వాయిస్తూనే ఉంది. ఈరోజు లైన్లు బిజీ అని శశికుమార్ నీళ్ళు నమిలాడు. పాపం అతని తప్పేమీ లేదు, కానీ రామలక్ష్మమ్మ ఆ కాగితాలు తీసి పప్పుల డబ్బా కింద వేసేసింది.

అదే ప్రశ్న ప్రవీణ్‌ను అడిగితే, "నేనుండా కదా చిన్నమ్మా" అన్నాడు.

ఆ జవాబు ఆమెకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. బయటివాడితో అయితే కొట్లాడవచ్చు. రోడ్డు మీద నిలబెట్టి నాలుగు అడగవచ్చు. సొంత పిల్లోడితో ఏమని కొట్లాడేది? వాడు రాకపోతే, పనుండి రాలేదేమోలే అని తనే సర్దుకుంటుంది. ఊళ్ళోవాళ్ళ ప్లేట్లు పాడైతే వాళ్ళు రాప్తాడు పోరు, నేరుగా ఆమె వాకిట్లోకి వస్తారు. వాడు మంచివాడా కాదా అన్న సందేహం ఆమెకు ఏనాడూ లేదు. మంచివాడు వేరు, పిలిస్తే వచ్చేవాడు వేరు. ఈ రెండో సంగతి పెంచిన మనిషికి తెలిసే వీలు లేదు. పెంచిన మనిషి పిలిస్తే ఎవరైనా వస్తారు.

కాబట్టి పొట్టేలు పద్ధతే దారి. ప్రవీణ్ షాపు ముందర ఒక ఫ్లెక్సీ ఉంది. పామిడిలో వాడు వేసిన మొట్టమొదటి మిద్దె ఫొటో, దాని పక్కన ఇంటావిడ గంగక్క చేతులు కట్టుకుని నిలబడి ఉన్న ఫొటో. పామిడిలో నైటీలు కుట్టే గంగక్క ఇల్లు ఎవరినడిగినా చెబుతారు. పండక్కి బట్టలు తెచ్చుకుంటానని బయ్యన్నకు చెప్పి, ఏ పండగని ఆయన అడిగేలోపలే రామలక్ష్మమ్మ బస్సెక్కింది.

ఇక్కడ ఆమె చేసిన పొరపాటు ఒకటుంది. ఒకరింటికి వట్టి చేతుల్తో పోకూడదని పామిడి బస్టాండులో అరటిపళ్ళు, మూర పూలు కొన్నది. కట్టుకున్నది పట్టంచు చీర. ప్రవీణ్ తనకేమవుతాడో చెబితే నిజం బయటికి రాదని, ఆ మాట కడుపులోనే దాచుకుంది. పెద్దావిడ, మంచి చీర, చేతిలో పళ్ళూ పూలూ, నోట్లో ఒక పెళ్ళికాని పిల్లవాడి పేరు. పామిడిలో గానీ ముదిగుబ్బలో గానీ ఇలా వచ్చిన మనిషి ఎందుకొచ్చిందో ఎవరూ అడగరు.

గంగక్కా అడగలేదు. నాలుగు మిషన్లున్న ముందు గదిలో గుట్టల కొద్దీ నైటీల మధ్య కూర్చుని ఉన్న ఆమె, ప్రవీణ్ అనే పిల్లోడు ఎట్లాంటోడక్కా అన్న మాట వినగానే మిషను ఆపేసింది. కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. ఇక మొదలుపెట్టింది. పిల్లోడు బంగారమంది. తల దించుకుని వచ్చి తల దించుకుని పోతాడంది. బీడీ లేదు, మందు లేదు, నోట్లో నాలుక లేదు. పని మీద శ్రద్ధ చెప్పనలవి కాదు. పిలిస్తే పలుకుతాడా అని రామలక్ష్మమ్మ అడిగితే, పిలవకముందే పలుకుతాడంది. రామలక్ష్మమ్మకు కడుపు నిండిపోయింది. రెండు రాత్రులు వాణ్ణి అనుమానించినందుకు సిగ్గు కూడా వేసింది.

"చాలక్కా, నా మనసు నిమ్మళమైంది. మా మిద్దె మీద ప్లేట్లు వానిచేతనే ఏపిస్తా" అంది లేస్తూ.

గంగక్క చేతిలోని మజ్జిగ చెంబు అట్లాగే ఆగింది.

"ప్లేట్లా? పిల్లనిచ్చేకి కాదా నువ్వొచ్చింది?"

"కాదక్కా, సోలార్ కోసం."

"అట్లయితే కూచో" అంది గంగక్క. "పెండ్లికని అడిగితే మంచే చెప్పల్ల. ఒక పిల్లోని సంబంధం చెడగొట్టిన పాపం నాకెందుకని చెప్పినా. సోలార్‌కని ముందే చెప్పుంటే నిజమే చెప్పుందును గదా."

రామలక్ష్మమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గాజు పలకల కోసం అడిగితే నిజం, ఆడపిల్ల కోసం అడిగితే పుణ్యం. తనను ఇంకో ఊళ్ళో ఎవరైనా అడిగినా తనూ ఇలాగే చెప్పి ఉండేదని తెలిసి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

గంగక్క ఆమెను మిద్దె మీదికి తీసుకుపోయింది. ఫ్లెక్సీలో నల్లగా నిగనిగలాడే ప్లేట్లు ఇక్కడ తెల్లగా, సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. రామలక్ష్మమ్మ గోటితో గీకింది. గీత పడింది గానీ పొర రాలేదు. బిగించిన రోజు దుమ్ము పడితే నీళ్ళతో కడగమని ప్రవీణ్ చెప్పాడట. చెప్పిన పని గంగక్క తూచా తప్పకుండా చేసింది. పొద్దున లేచి వాకిట్లో కల్లాపి చల్లి, అదే చేత్తో మిద్దెక్కి, అదే బోరు నీళ్ళతో ప్లేట్లన్నీ కడిగింది. రోజూ కడిగింది. ఏడాదంతా కడిగింది. ఆ బోరులో వచ్చేవి ఉప్పు నీళ్ళు, పప్పు కూడా ఉడకని నీళ్ళు. ఆ నీళ్ళతో కడగొద్దని వాడు చెప్పలేదు, ఈమెకు తోచలేదు. కడిగిన కొద్దీ ఉప్పు పొర మీద పొరగా పేరుకుని రాయైంది. తగ్గిన కరెంటు బిల్లు మళ్ళీ పాత దారి పట్టింది.

ఫోను చేస్తే ప్రవీణ్ ఒకసారి వచ్చి చూశాడు. గీకి చూశాడు, తుడిచి చూశాడు. రేపొస్తానని దిగిపోయినవాడు మళ్ళీ రాలేదు. దసరా ముందటి మాట అది. ఇప్పుడు శివరాత్రి దగ్గరికొచ్చింది. ఫోను మోగి మోగి ఆగిపోతుంది తప్ప ఎత్తడు.

"మోసగాడు కాదక్కా, అది నాకు తెలుసు" అంది గంగక్క. "మోసగాడైతే ఏదో ఒక అబద్ధం చెప్పేకైనా ఎత్తుతాడు."

ఆ గుణం రామలక్ష్మమ్మకు కొత్త కాదు. చిన్నప్పుడు వాడు చేతిలోంచి కడవ జారి పగిలితే గడ్డివామి వెనక దూరి పొద్దుగూకేదాకా వచ్చేవాడు కాదు. దెబ్బలకు భయపడేరకం కాదు, ఆ ఇంట్లో వాణ్ణి కొట్టిన చెయ్యి లేదు. పగిలిన కడవ ముందర నిలబడి ఇది నేనే పగలగొట్టినానని చెప్పడం వాడి వల్ల అయ్యేది కాదు, అంతే. ఇప్పుడు కడవ పోయి మిద్దె వచ్చింది, గడ్డివామి పోయి రాప్తాడు వచ్చింది.

ఒకసారి ఇప్పుడు ఫోను చెయ్యక్కా అంది రామలక్ష్మమ్మ. గంగక్క తన ఫోనులోంచి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి చేసింది, అంతే. రామలక్ష్మమ్మ కొంగు ముడిలోంచి తన ఫోను తీసి నొక్కింది. సగం మోత కూడా మోగలేదు.

"చెప్పు చిన్నమ్మా!"

ఎంత హుషారుగా ఉందో ఆ గొంతు. గంగక్క కళ్ళు పెద్దవి చేసుకుని ఆమె వంక చూసింది. రామలక్ష్మమ్మకు అక్కడున్న ఎండంతా ముఖం మీదే కొట్టినట్టయింది. ఆమె కావాలని వచ్చిన సమాచారం ఇదే. పూర్తిగా దొరికింది.

"యాడుండావు నాయనా?"

"షాపులో ఉండా. ఏం, ప్లేట్ల సంగతేనా?"

"ప్లేట్ల సంగతే. పామిడిలో గంగక్క మిద్దె పైన ఉండా."

 అవతల హైవే మీద లారీలు పోతున్న చప్పుడు వినిపించింది.

"నాకైతే ఎత్తితివి" అందామె. "నేను నీకు చిన్నమ్మను కాబట్టి ఎత్తితివి. రేపు నా మిద్దె చెడిపోతే నేనూ గంగక్కనే అవుతా గదా. అప్పుడు ఎత్తుతావా?"

జవాబు వినకుండా ఫోను పెట్టేసింది. గంగక్క నోరు నొక్కుకుంది. వాడు నీకు కొడుకు వరస అని ముందే చెప్పుంటే నేనింత మాట అననే అనను గదా అని చీర కొంగు నలిపింది. అందుకే చెప్పలేదక్కా అంది రామలక్ష్మమ్మ. ఆ తర్వాత ఇద్దరూ కిందికి దిగి అన్నం తిన్నారు. ఊర్లూ ఇంటిపేర్లూ కలుపుకుంటే దూరపు చుట్టరికం కూడా తేలింది. ఒకరి మీద ఒకరికి కోపం రావడానికి కారణమేమీ లేదు కాబట్టి, ఇద్దరూ కలిసి వాడి మీదే కోపంగా ఉన్నారు.

రామలక్ష్మమ్మ ఎక్కకుండా వదిలేసిన మూడో బస్సు కూడా పోయాక, ప్రవీణ్ బండి మీద వచ్చాడు. వెనక తాగే నీళ్ళ క్యాన్లు కట్టుకుని ఉన్నాడు, సంచిలో ఏవో సీసాలు, మెత్తటి గుడ్డలు. చిన్నమ్మ వంక చూడలేదు. నేరుగా గంగక్క ముందుకు వచ్చి నిలబడ్డాడు. 

"ఉప్పునీళ్ళతో కడగొద్దని నేనే చెప్పల్ల. మర్చిపోతి" అన్నాడు. "ఈ పొర పోతాదో పోదో నాకు తెల్దక్కా. అప్పుడూ తెల్దు. తెల్దని చెప్పేకి మొగం చాల్లేదు, అందుకే ఫోను ఎత్తలా."

"తెల్దని చెప్పేకైనా ఎత్తల్ల గదప్పా" అంది గంగక్క. "నాకు తిట్టేకి ఒక మనిషి కావల్ల. ఇన్ని దినాలూ గోడను తిడతా ఉంటి."

వాడు మిద్దెక్కాడు. పొద్దు వాలేదాకా తోమాడు. రెండు ప్లేట్లు నల్లబడ్డాయి, మిగతావి మచ్చలు మచ్చలుగా ఉండిపోయాయి. ప్లాంటులో తనతో పనిచేసిన పెద్దాయన్ను అడిగి వస్తాను, పోనివాటిని మారుస్తాను అని చెప్పాడు. ఎప్పుడొస్తావని గంగక్క అడగలేదు. అడక్కపోవడం వాడికి తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

బస్టాండు దాకా వాడే దిగబెట్టాడు.  బస్సు వచ్చే వేళకు, "మన ఊర్లో అడుగుతారు గదా చిన్నమ్మా, ఎవరికిస్తాండావని. ఏం చెప్తావు?" అన్నాడు.

రామలక్ష్మమ్మ వాడి ముఖం వంక చూసింది. చెంపల మీద తెల్లటి ఉప్పు పొడి ఉంది. అక్క ముక్కు, అక్క కళ్ళు. తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. నీకే ఇస్తాండానని చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"పామిడికి పోయి అడగండంటా" అని బస్సెక్కింది.

చెప్పినట్టే చేసింది. రచ్చకట్ట మీద ఎవరు అడిగినా అదే మాట. చుట్టాలు నవ్వారు, సొంత పిల్లోణ్ణి ఇట్లా వీధిలో పెడతారా అని బయ్యన్న కూడా ఒకరోజు అన్నం ముందర గొణిగాడు. ఆమెకూ లోపల పీకుతూనే ఉంది. గంగక్క వద్దని ఒక్క మాట చెబితే వాడి షాపు మూసుకోవాల్సిందే, ఆ మాట చెప్పే అధికారం తనే చేతులారా పరాయి మనిషికి ఇచ్చి వచ్చింది. శశికుమార్ మళ్ళీ ఫోను చేస్తే, మీరు వేసిన ఇండ్లు ఒకట్రెండు చెప్పప్పా పోయి చూసొస్తానంది. కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు.

వీధి చివర నాగన్న బట్టల బేరానికి పామిడి పోయినప్పుడు నిజంగానే గంగక్క ఇంటికి పోయి అడిగి వచ్చాడు. ఆమె చెప్పిన మాట మాటకు మాట ఊళ్ళో దింపాడు. ప్లేట్లు ఇంకా సగం తెల్లగానే ఉన్నాయంట, పిల్లోడు మాత్రం ఫోను ఎత్తుతున్నాడంట, తిడితే వింటున్నాడంట.

ఉగాది పోయిన తర్వాత ఒకరోజు పొద్దున్నే, రామలక్ష్మమ్మ ఇంకా కల్లాపి బకెట్టు కింద పెట్టకముందే గంగక్క ఫోను చేసింది.

ముందురోజు పామిడిలో దుమ్ముగాలి కొట్టింది. పొద్దున మిషను ముందర కూర్చోబోతుంటే మిద్దె మీద అలికిడైంది. చూస్తే ప్రవీణ్. పాడైనవాటి చోట కొత్త ప్లేట్లు పెట్టిపోయి అప్పటికి పది రోజులైంది, అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. తను పిలవలేదు, ఫోనూ చేయలేదు. గాలికి ఎట్లున్నాయో చూసిపోదామని వచ్చాడట. ఇదంతా చెప్పి గంగక్క గొంతు తగ్గించింది. 

"మా ఆడబిడ్డకు ఒక కూతురుండాదక్కా. బంగారట్లా పిల్ల. ఇప్పుడు నేను అడుగుతాండా, పిల్ల కోసమే అడుగుతాండా. మీ పిల్లోడు ఎట్లాంటోడు?"

రామలక్ష్మమ్మ నోటి నిండా మాటలున్నాయి. బంగారం, తల ఎత్తడు, నోట్లో నాలుక లేదు. ఎవరు అడిగినా ఎవరైనా చెప్పే మాటలు, చెబితే తప్పు పట్టేవాళ్ళు లేని మాటలు. పైగా ఇది తన అక్క కొడుకు పెళ్ళి. ఒక్క క్షణం ఆమె చేతిలోని బకెట్టు బరువెక్కింది.

"తప్పు చేస్తే దాంకుంటాడు" అంది. "చిన్నప్పట్నుంచీ అంతే. పిల్లకు ముందే చెప్పు. దాంకున్నప్పుడు బుజ్జగించగూడదు, ఎదురుగా నిలబడి పిలవల్ల. పిలిస్తే వస్తాడు. ఇప్పుడిప్పుడే పిలవకుండా కూడా వస్తాండాడు."

 సంబంధం చెడిందేమోనని రామలక్ష్మమ్మ బకెట్టు కింద పెట్టి ఫోను చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది.

"సోలార్‌కు చెప్పినట్టు చెప్పినావు గదక్కా" అంది గంగక్క. "పిల్లను చూసుకునేకి ఎప్పుడొస్తారు?"

ఫోను పెట్టి రామలక్ష్మమ్మ మిగిలిన నీళ్ళు వాకిట్లో చల్లింది. బయ్యన్న అరుగు మీద కూర్చుని ఎవరు, ఏమని అడిగాడు. ఆమె కళ్ళు తుడుచుకుని మిద్దె వంక చూసింది. అక్కడ పోయినేటి కందికట్టె, పాత మంచాలు, పగిలిన తొట్టి కుప్పగా పడి ఉన్నాయి.

"అవన్నీ దించెయ్యప్పా" అంది. "పిల్లోడు ప్లేట్లు ఎత్తుకొస్తే పెట్టేకి చోటుండల్ల."